లోపం కనబడలేదు

కుతాయిసీలో వాన.
కొరియర్ కుర్రాడు మూడోసారి తెచ్చిచ్చాడు
నెస్తాన్ కొత్త లాప్‌టాప్‌ని.
లోపల అదే చీటీ: 'లోపం కనబడలేదు.'

డాక్టరు గుమ్మం ఎక్కగానే
జ్వరం దిగిపోయే పిల్ల ఇది.
ఇంట్లో మూత కాస్త వెనక్కి వాలిస్తే చాలు,
తెర నల్లబడుతుంది.

"ఆపి, మళ్ళీ ఆన్ చేశారా?"
చేశాను. నిన్న చేశాను.
మొన్న మీరు చెప్తుంటేనే చేశాను.
ఆపైన ఫోన్లో పియానో,
వానకంటే పొడుగ్గా.

వాళ్ళ బల్లమీద పడుకున్న ముప్పై ఎనిమిది రోజులూ
వారంటీలోంచే కోశారట.
కొన్ననాడు నవ్వుతూ చేతికిచ్చిన సంచీలో
ఇప్పుడు ఉల్లిపాయలు.

అటకమీది పాతదాన్ని దించింది.
కీలు విరిగింది,
నిఘంటువుకి ఆనించి నిలబెట్టింది.
ఫ్యాను రొప్పుతోంది.
నాలుగో ఫిర్యాదు మొదలుపెట్టి
'గౌరవనీయులైన' దగ్గర ఆగి
ఆ ఒక్క మాటా
అక్షరం అక్షరంగా చెరిపేసింది.