అడ్రసు మారింది

బార్ అసోసియేషన్ గుమ్మం పక్కన నోటీసు బోర్డు.
అద్దం పగిలి మూడేళ్ళయింది.
లైబ్రరీ సెక్రటరీ పదకొండు ఓట్లతో నెగ్గాడట.
సంక్షేమ నిధి చందా ముప్పయ్యో తారీకులోగా కట్టాలట.
ఎవరిదో గుర్తింపు కార్డు మెట్ల మీద దొరికింది,
ఫొటోలో మీసం ఉంది, క్యాంటీన్లో అడగండి.
కనపర్తి త్రికోటేశ్వరరావు గారు ఇక లేరు,
సోమవారం పదిన్నరకి సంతాప సభ.
ఆ కాగితం అంచు కింద సగం నలిగి
శనివారం రెండున్నరకి కొత్త చట్టాల క్లాసు,
చెప్పేది గుమ్మడి ఎస్తేరు, అడ్వొకేట్.

ఎస్తేరు నా దగ్గరే ఆరేళ్ళు జూనియరు.
మొదటిరోజు వాయిదా అడిగి రమ్మంటే
జడ్జిగారి ముందు నోరు పెగలక
కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయిన పిల్ల.
ఇవాళ మైకు మీద వేలితో తట్టి
"వెనకాల వినపడుతోందా సార్?" అంటోంది.
వెనకాల అంటే నేనే.

ఫ్యాను కింద కుర్చీ ఖాళీ. అది త్రికోటేశ్వరరావు గారిది.
మే నెల ఉక్కలో కూడా
ఎవరూ అందులో కూర్చోలేదు.

ముప్పై నాలుగేళ్ళు నోట్లో నానిన అంకెలు నావి.
నా పెళ్ళిరోజు మర్చిపోయి తిట్లు తిన్నాను గాని
ఏ నేరానికి ఏ నంబరో
అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోలేదు.
"హత్య ఇప్పుడు నూట మూడు" అంది ఎస్తేరు.
సుద్దముక్క కిర్రుమంది.
"దొంగతనం మూడొందల మూడు."
"మరి ఫోర్ ట్వంటీ గాళ్ళని ఏమని తిట్టాలమ్మా?" ఎవరో అరిచారు.
"మూడొందల పద్దెనిమిది, సబ్ సెక్షన్ నాలుగు."
"అంతా పలికేలోపు వాడు తెనాలి దాటేస్తాడు!"
హాలంతా నవ్వు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

"బ్రాడీపేట అనుకోండి," అంది తను,
"నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు.
మనుషులు వాళ్ళే. గోడ మీద నంబరు మారింది, అంతే."
అంతేనా తల్లీ?
దిక్కు తోచనప్పుడు హైకోర్టులో నేను తట్టే తలుపు
నాలుగొందల ఎనభై రెండు.
కేసు కొట్టేయండి మహాప్రభో అని ఆ గుమ్మంలోనే మొక్కేవాణ్ణి.
ఇప్పుడు అదే తలుపు తడితే
ముందస్తు బెయిలు బయటికొచ్చి
"ఎవరు కావాలండీ?" అంటోంది.

చెయ్యెత్తాను. బడి వదిలాక ఇదే మొదటిసారి.
"మిర్చి యార్డు వెనక కత్తిపోటు,
రెండువేల ఇరవై మూడు, మార్చి.
సాక్షులు ఇప్పుడిప్పుడే వస్తున్నారు. ఏ నంబరు?"
"నేరం పాతది, సెక్షనూ పాతదే సార్.
మీ నంబర్లతో ఇంకా కొన్నేళ్ళు పని ఉంది."
పింఛను కాగితం చేతిలో పెట్టినట్టుంది.
సంతోషించాలో లేదో తెలియక
నోటుపుస్తకంలో తేదీ వేసి, కింద గీత గీశాను.

బయట మా గుమస్తా మస్తాన్ వలీ కట్టలు మోస్తూ.
అతని వెనక, మెట్ల వారన, ఆ కేసు కుర్రాడి తల్లి.
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసి
నేరుగా వచ్చినట్టుంది,
కొంగు దులపగానే నాకు మూడు తుమ్ములు.
మూడొందల రెండు ఆమెకి తెలియదు. నూట మూడూ తెలియదు.
"అయ్యా, ఆదివారం మావోణ్ణి చూడ్డానికి
ఎన్నో నంబరు బస్సెక్కాలి?"

ముప్పై నాలుగేళ్ళలో
నేనెప్పుడూ ఆ బస్సెక్కలేదు.
మస్తాన్ వలీ కట్టలు కింద పెట్టి
ఆమె అరచేతిలో, నా పెన్నుతోనే,
ఆ నంబరు రాస్తున్నాడు.