ఇంకో మాట

మౌలాలి కమాన్ దగ్గర వాన పట్టుకుంది.
మెడికల్ షాపు రేకు కింద ఏడుగురం,
ఒక స్కూటీ, ఒక తడిసిన కుక్క.
అప్పుడే ఫోను.
ఆ నంబరు నుంచి వస్తే
ముందు సముద్రం వినపడుతుంది,
తర్వాత మనిషి.

తితుస్.
జనరేటర్ ఆగిన రాత్రి
టార్చిలైటు పళ్ళతో పట్టుకుని
నేను బయటికి తీసిన పిల్లాడు.
గొంతు మారింది.
"సిస్టర్, నీకు మొగలిపండు వండడం నేర్పినామె
పోయింది" అన్నాడు హిందీలో.
పేరు చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఆరేళ్ళున్నాను ఆ దీవిలో.
పోస్టింగు కాగితం మీద ఊరి పేరు
మా ఇంట్లో ఎవరికీ చదవడం రాలేదు.
ఓడ పదిహేను రోజులకోసారి,
సముద్రం ఒప్పుకుంటే.
మొదటి నెలంతా ఏడ్చాను.
రెండో నెల ఆమె వచ్చి
నా గది మెట్ల మీద కూర్చుంది,
వెంట ఒక పందిపిల్ల.
ఏమీ మాట్లాడలేదు. పొద్దుగూకాక లేచి వెళ్ళింది.
మర్నాడూ వచ్చింది.
అక్కడ పలకరింపంటే అదేనని
చాలా ఆలస్యంగా తెలిసింది.
మొగలికి పువ్వొక్కటే తెలిసిన నాకు
పండు ఉడికించి, గవ్వతో గీకి
పీచు తీయడం చూపించింది.
నా వేళ్ళు తెగితే నవ్వింది.

అక్కడ పోయినవాళ్ళ పేరెత్తరు.
పిలిస్తే పాపం వెనక్కి తిరుగుతారట,
పడవ దాటిపోతుందట.
పేరుకో అర్థముంటే దానికీ సెలవు.
చుక్క అనే పేరున్న ముసలాయన పోయినప్పుడు
ఊరంతా చుక్కల్ని
పైదీపాలనడం నా చెవులతో విన్నాను.

మా నాయనమ్మ ఎల్లిగడ్డను తెల్లగడ్డ అనేది.
తాత పేరు ఎల్లయ్య మరి.
మేం పడీపడీ నవ్వేవాళ్ళం.
ఆమెకి చెబితే నవ్వలేదు.
"మీవాళ్ళకీ తెలుసన్నమాట" అంది.
అని, నాకింకాస్త పండు పెట్టింది.

ఆమె పేరుకి వాళ్ళ భాషలో అర్థం
ఇప్పుడీ రేకు మీద ఏది మోగుతోందో
అది.

ఈ రాత్రి వాళ్ళు
మెట్ల మీద కూర్చుని కొత్త మాట వెతుకుతారు.
పెద్దవాళ్ళు ఒకటంటారు, పిల్లలు కాదంటారు.
"దొరికాక చెప్తాను సిస్టర్, టవరుంటే"
అన్నాడు తితుస్.
తర్వాత కాసేపు సముద్రమే వినపడింది.

ఇక్కడ అందరూ ఆ మాటే.
మందుల షాపతను, స్కూటీ పిల్ల,
ఫోన్లో భార్యతో పక్కాయన
నాలుగుసార్లు.
ప్రతిసారీ ఎవరో వెనక్కి తిరిగినట్టు
నా మెడ లాగింది.

ఆటో వచ్చి ఆగింది.
"ఎక్కండి మేడం, నాచారం దాకైతే వస్త,
అటు నీళ్ళు నిలిచినయ్."
"కొంచెం ఆగనీ" అన్నాను.
"ఏంది ఆగేది?"

రేకు బయటికి చెయ్యి చాపి చూపించాను.
మోచేతి దాకా తడిసింది.

ముప్పై ఎక్కువడిగాడు.
ఇస్తానన్నాను.