పదిహేడో నంబరు జాకెట్టు

పడవ నడిపేవాళ్ళు వేరే, టికెట్టు చింపేవాళ్ళు వేరే.
భవానీ ద్వీపం రేవులో నా పని బిగించడం.
వచ్చినవాళ్ళ ఛాతీ మీద మూడు బకిళ్ళు
టక్కు టక్కు టక్కుమనిపించి
"ఊపిరి పీల్చండి. బిగుతుగా ఉందా? ఉండాలి" అంటాను.

జాకెట్లు నలభై.
తెల్లరంగుతో నంబర్లు వేసింది నేనే,
తొమ్మిది కొంచెం ఆరులా ఉంటుంది.

మే నెల. గుంటూరు యార్డుకి సెలవులు.
మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు పదకొండుమంది
చీటీ డబ్బుల్తో ట్రక్కాటో మాట్లాడుకుని దిగారు,
క్యారేజీలూ, గోంగూర సీసా, ఒక చంటిపిల్లా.

"జాకెట్టు వేసుకోండమ్మా" అన్నాను.
"వేసుకునే వచ్చాం నాయనా" అంది ముందున్న సామ్రాజ్యం.
ఆ నవ్వులకి రేవు చెక్కలు కదిలాయి.
నేను తలొంచుకుని పదిహేడో నంబరు తీశాను.

బకిలు కోసం వంగానో లేదో
ముక్కులో నిప్పు.
ఒకటి, రెండు, నాలుగు తుమ్ములు.
"కుంకుడుకాయతో తలంటుకునే వచ్చాను అబ్బాయ్,
ఈ ఘాటు పోదు.
మా ఆయన పాతికేళ్ళు పక్కలో తుమ్మాడు.
ఇప్పుడు ఇంట్లో ఎవరూ తుమ్మరు."
ఎందుకు చెప్పిందో. నేనడగలేదు.
రెండో బకిలు బిగించాను.

"ఇది మునుగుతుందా?"
"తేలుతుంది."
"నేనో?"
"మీరూ తేలతారు. ఇది కట్టుకుంటే అందరూ తేలతారు."
"అందరూనా" అని కాసేపు నీళ్ళకేసి చూసింది.

జెట్ స్కీ రేటు విని
ఎన్ని కిలోల తొడిమలో పైకే లెక్క కట్టింది.
మిగతావాళ్ళు కయాక్ చాలన్నారు.
ఈవిడ కొంగుముడి విప్పింది.

నడిపేది ఇమ్మాన్యుయేలు, పంతొమ్మిదేళ్ళవాడు,
ఫెర్రీ దగ్గర ఇసుక పడవల మీద పెరిగాడు.
"గట్టిగా పట్టుకోండి."
"దేన్ని?"
"నన్నేనండి."
కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా దోపి
గోడ ఎక్కినట్టు ఎక్కి కూర్చుంది.

బ్యారేజీ గేట్లన్నీ దింపేసి ఉన్నాయి.
కృష్ణకి ఆ పూట ఎటూ పోయే పనిలేదు,
దానికీ సెలవులే.
నిలబడ్డ ఆ నీళ్ళని కోసుకుంటూ
దుర్గమ్మ కొండవైపు ఒక తెల్లగీత వెళ్ళింది.
మలుపులో బండి పక్కకి వాలింది,
నా గుండె జారింది.
అప్పుడు వినపడింది.
అరుపు కాదు, తిట్టు.
గుంటూరు తిట్టు, పచ్చిది, పొడుగాటిది,
ఎవర్నీ కాదు, ఊరికే ఆ గాలిని.
ఒడ్డున బ్యాంకాయనెవరో కూతురి చెవులు మూశాడు.

ఇటు చూస్తే కయాక్‌లో నాగూర్‌బీ
తెడ్డు ఒళ్ళో పెట్టుకుని
రెండు చేతులూ నీళ్ళలో ముంచి కూర్చుంది.
పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది.
"తెడ్డు వెయ్యమ్మా!" కేకేశాను.
"ఉండు నాయనా, మంట తగ్గనీ."
ఆ తర్వాత నేనింక కేకెయ్యలేదు.
టైమైపోయిందని విజిలూ ఊదలేదు.

సామ్రాజ్యం దిగొచ్చింది. జుట్టంతా రేగిపోయి
ఎవరో వేరే మనిషిలా ఉంది.
బకిళ్ళు తనే విప్పుకుంది, నేను చూపించకుండానే.
"సముద్రం దీనికంటే పెద్దది కదూ" అంది.
"సూర్యలంక మీకు దగ్గరేగా, వెళ్ళలేదా?"
"కార్తీకంలో ఏటా వెళ్తాం. మునుగుతాం.
తేలడం ఇదే మొదలు."

సాయంత్రం జాకెట్లన్నీ కడిగి తీగమీద ఆరేశాను.
పదిహేడుని రెండుసార్లు ముంచాను.

మర్నాడు హైదరాబాదు నుంచి కొత్త జంట.
అబ్బాయి ఫోటోకి నవ్వబోయి
తుమ్మాడు, మళ్ళీ తుమ్మాడు.
"ఏంటిది, దుమ్మా?"
"కాదండి, గుంటూరు" అని
మూడో బకిలు బిగించాను.