తలెత్తి

బయట నలభై ఏడు. లోపల సున్నకు రెండు కింద.
రెండు తలుపుల నడుమ
నా కళ్లద్దాలు ఎటు దిక్కో తేల్చుకోలేక
మబ్బు పడతయి.

ఇయ్యాల పరీక్ష.
సంఘం పంపిన పరిశీలకురాలు హమ్దా,
తలగుడ్డ మీద హెల్మెట్,
చేతిల అట్ట, అట్టకు దారం కట్టిన పెన్సిలు.
ఈ చలికి పెన్ను రాయదు.

ఫారంల మూడో ప్రశ్న:
అసలు మంచు మీద ఎన్ని రోజులు?
అసలుదంటే ఆకాశంల నుంచి పడేది.
నేనెరిగిన మంచు రాత్రి రెండింటికి
దుబాయ్ మాల్ కప్పు కింది గొట్టాలల్ల నుంచి రాలుతది;
పొద్దుగాల పార పట్టి సర్దేది నేనే.
సున్న అని రాసిన.
గుండ్రంగ, మంచిగ కుదిరింది.

నాలుగేండ్లు బూట్ల కౌంటర్ల ఉన్న.
మనిషి గడప దాటంగనే నంబరు చెప్తుంటి:
నలభై రెండు. ముప్పై ఏడు.
ఈ పెద్దాయనకు నలభై నాలుగు, ఎడమకాలు జర వాపు.

బోర్డు నేర్పింది దిల్‌బహదూర్,
డ్యూటీ దిగినంక, సగం లైట్లు ఆర్పినంక.
"మొదలు పడుడు నేర్వు. పిడికిలి ముయ్యి.
అరచెయ్యి ఆనిస్తే మణికట్టు పోతది."
పడ్డ. కోరుట్లల సైకిల్ నేర్చిన మోకాలు
అప్పుడు గూడ ఇన్ని దెబ్బలు తినలే.

పరీక్షకు ఇచ్చిన విద్యార్థి
ఒక బ్యాంకు మేడమ్, బీరూట్ ఆమె,
భయంతో బిగుసుకపోయిన ముప్పై తొమ్మిది.
మడమ అంచు, వేళ్ల అంచు, మోకాలు వంచు,
అంతా బట్టీ పట్టిన ఇంగ్లీషులనే చెప్పిన;
ఆమె జారంగ మాత్రం
"మెల్లగ, మెల్లగ" అని నోరు జారింది.
ఆమె మెల్లగైంది.

హమ్దా పెన్సిలు ఆగింది.
మళ్లీ రాసింది.

సాయంత్రం కాయితం:
పడుడు, లేవుడు, మలుపులు పాస్.
నేర్పుడు మాత్రం నలభై రోజులకు మళ్లీ రావాలె.
కింద ఆమె చేతిరాత:
'పాదాలు బాగా చూస్తాడు. మనిషిని చూడడు.'

కోపమొచ్చింది.
నిజమని తెలిసినంక ఇంకింత వచ్చింది.

కంపెనీ బస్సుల అన్నీ చెప్పులే.
నలభై ఒకటి, నలభై మూడు, అరిగిన మడమ.
తలెత్తిన.
ఎదురు సీటు మనిషి, రెండేండ్ల సంది రోజూ వస్తడు,
కుడి కనుబొమ్మల చిన్న కోత ఉన్నది.
ఆయన గూడ నా దిక్కు చూసి
ఏందన్నట్టు తల ఎగరేసిండు.