బారెడు

మా నాన్నకి కారు నడపడం రాదు.
క్లచ్చేదో బ్రేకేదో ఇప్పటికీ తెలీదు.
షిప్‌యార్డులో ముప్పయ్యొక్క ఏళ్ళు వెల్డింగు చేసి
ముప్పయ్యొక్క ఏళ్ళూ గాజువాక నుంచి
సైకిలు మీదే వెళ్ళొచ్చిన మనిషి.

నా లైసెన్సు చేతికొచ్చిన మర్నాడు
నా ఎడం పక్క సీట్లో కూచున్నాడు
బెల్టు ఎలా పెట్టుకోవాలో అడగలేక
దాన్ని కండువాలా భుజాన వేసుకుని.

డ్రైవింగు స్కూలు మాస్టారు నాకు ఎనిమిది వెయ్యడం నేర్పాడు,
ఎత్తు మీద హాఫ్ క్లచ్చు నేర్పాడు,
రివర్సులో గోడకి జానెడు దూరంలో ఆపడం నేర్పాడు.
సైకిలు ఎదురుపడితే మాత్రం
"హారన్ కొట్టమ్మా, వాడే తప్పుకుంటాడు" అని ఊరుకున్నాడు.

"ఆడెక్కడికి తప్పుకుంటాడే?"
అని అడిగినవాడు మా నాన్నే.

సిందియా రోడ్డు. పొద్దున్న ఆరుంబావు.
రాత్రంతా వాన కడిగినా వదలని ఎర్రటి ఖనిజం ధూళి.
అంచున ఇసుక, ఇసుక కింద గుంట,
గుంట పక్కన సగం మూతున్న మ్యాన్‌హోలు,
దాన్ని ఆనుకుని, లేచే ఉద్దేశం లేని గేదె.
వీటన్నిటి మధ్యా టైరంత దారి వెతుక్కుంటూ
మా ముందు ఒక కుర్రాడు
హ్యాండిల్‌కి క్యారేజీ తగిలించుకుని
షిఫ్టు సైరన్ కంటే ముందు చేరాలని
సీటు మీంచి లేచి తొక్కుతున్నాడు.

వెనక కంపెనీ బస్సు మోత మొదలెట్టింది.
స్టీరింగు మీద నా వేళ్ళకి చెమట.
"కొట్టుకోనీ.
హారన్ తగిలి సచ్చినోడు లేడు. నువ్వాగు."

ఇంకో బండి ఆనుకుని పోతే ఎలా ఉంటుందో
అప్పుడు చెప్పాడు, కుర్రాడి వీపు మీంచి చూపు తియ్యకుండా.
ముందు గాలి తోస్తాదంట.
తోసినప్పుడు కాదు భయం,
బండి దాటిపోతూ లోపలికి లాగతాది చూడు, అప్పుడు.
ఒక పక్క సముద్రం గాలి, ఒక పక్క లారీ గాలి,
మధ్యలో మనిషి
ఉతికి ఆరేసిన చొక్కా.

అద్దం దించి చెయ్యి బయటికి చాపాడు.
"ఇదొక చెయ్యి. ఇంకో చెయ్యి కలుపుకో. బారెడు.
ఈ చేతికి ఆడి చొక్కా అందిందంటే
అది దాటడం కాదు."
చొక్కా పైకి జారింది.
మోచేతి మీది తెల్లటి మచ్చ
వెల్డింగు రవ్వ పడిందని చిన్నప్పటి నుంచీ వింటున్న మచ్చ
"ఇది రవ్వ కాదు" అన్నాడు, చెయ్యి లోపలికి తీసుకుంటూ.
"లారీ అద్దం. మీ అమ్మకి చెప్పలేదు."

అడగబోయాను.
కుర్రాడు చటుక్కున కుడికి కోశాడు.
గుంట.
నేను తొందరపడి ఉంటే
సరిగ్గా నాన్న కూచున్న తలుపు ఉండే చోటు అది.

ఎదురుగా వస్తున్న ట్యాంకరు వెళ్ళిపోయింది.
రోడ్డు ఖాళీ.
ఇండికేటర్ వేసి, కుడి పక్కకి పూర్తిగా జరిగి
కారుని దాటినట్టే సైకిలుని దాటాను.
హారన్ కొట్టలేదు. కుర్రాడు తల తిప్పలేదు.
మాలో ఎవరం ఉన్నామో అతనికి అక్కర్లేకపోయింది.

"ఇంకా ఎడమకి రాకు" నాన్న.
"అద్దంలో ఆడు మొత్తం కనబడాల.
ముందు చక్రం. క్యారేజీ.
మొకం కనబడాల."

చక్రం కనబడింది.
క్యారేజీ కనబడింది, ఊగుతూ.
మొహం కనబడింది. నూనూగు మీసం, నుదుటి మీద విబూది.
అప్పుడు తిప్పాను.

తరవాత బస్సు వంతు.
అది ఎంత దూరమిచ్చిందో నాకు తెలీదు,
మలుపు వచ్చేసింది,
అద్దంలో గోడ తప్ప ఏమీ మిగల్లేదు.
నాన్న మాత్రం మెడ తిప్పి
వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు.
అతని ఎడమ కాలు
నా కొత్త కారు మ్యాటు మీద
నేల కోసం తడుముకుంటోంది.