పదకొండు మీటర్లు

పోర్ట్ అగస్టాలో
గాలి దక్షిణం నుంచి తిరిగితే
ఇప్పటికీ కొందరు కిటికీలు మూసేస్తారు.
పవర్ స్టేషన్ ఆగిపోయింది. పొగగొట్టం కూల్చేశారు.
బూడిద మాత్రం ఉప్పుగుంటల పక్కన
ఎవరి ఆస్తీ కానట్టు పడుంది.

మెర్విన్ ట్రెగిల్గస్ దాన్ని మూడు డ్రమ్ముల్లో తెచ్చి
నా షెడ్డు ముందు దించాడు.
ముప్పై ఒక్క ఏళ్లు బాయిలర్ దగ్గర నిలబడ్డ మనిషి.
"మా ఆవిడ దుప్పట్ల మీంచి దులిపిన సరుకే ఇది"
అని నవ్వబోయి, సగంలో ఆపేశాడు.
బెరిల్ ఊపిరితిత్తుల సంగతి తర్వాత బేకరీలో విన్నాను.
దీనివల్లే అని డాక్టర్లు అనరు.
అతనూ అనడు.

నాది చిన్న పని.
జల్లించడం, తూచడం.
కాస్టిక్ సోడా పడగానే నీళ్ల బకెట్టు
జ్వరమొచ్చినట్టు కాగిపోతుంది.
అది చల్లారేదాకా ఆగి
గాజునీరు పోస్తాను, తేనెకన్నా నిదానంగా.
సిమెంటు లేదు, సున్నపురాయిని కాల్చే కొలిమి లేదు.
ఒకసారి కాలి బుగ్గయినదాన్ని
మళ్లీ మంట చూపించకుండా రాయిని చెయ్యాలి.
సోడా ఊరికే రాదు,
దాని వెనకా ఎక్కడో కరెంటు మీటరు తిరుగుతుంది.
ఆ లెక్క కూడా నోటుపుస్తకంలో రాసిపెట్టాను.

బూడిదలో పోసిన పన్నీరు అంటారు మా భాషలో,
దండగ పని అని అర్థం, చెప్పాను మెర్విన్‌కి.
కాసేపు మిక్సర్ వంక చూసి
"మీవాళ్లు పోయాల్సింది పోయలేదేమో" అన్నాడు.

మొదటి సిలిండర్లు సిగ్గుచేటు.
ప్రెస్సు కింద నానిన బిస్కెట్లలా విరిగాయి.
రెండోసారి ఎంత తొందరగా బిగిసిందంటే
తాపీ అందులోనే ఉండిపోయింది,
ఇప్పుడది మా తలుపుకి అడ్డం.
మూడోసారి కొంచెం స్లాగ్, కొంచెం ఓపిక.
ఇరవై ఎనిమిదో రోజు
ముల్లు నలభై దాటింది, నలభై రెండు, నలభై నాలుగు,
ఢామ్మని పగిలిన చప్పుడుకి ఇద్దరం ఎగిరిపడ్డాం.
పగిలినందుకు పండగ చేసుకునే ఉద్యోగం
ఇంకోటి ఉందేమో నాకు తెలీదు.

కౌన్సిల్ పదకొండు మీటర్లకి ఒప్పుకుంది,
ఆస్పత్రి గేటు నుంచి బస్టాపు దాకా.
పోసిన ఉదయమే ఓ మాగ్‌పై
పచ్చి పలక మీద తీరిగ్గా నడుచుకుంటూ పోయింది.
నేను తాపీ తీశాను.
మెర్విన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.
"ఉండనీ. ఇన్నేళ్లూ అది మా మీద పడింది.
ఇక దాని మీద ఎవరైనా నడవనీ."

నెల తర్వాత, మంగళవారం,
బెరిల్ ఆ దారినే వచ్చింది
ఆక్సిజన్ సిలిండరుని బండి మీద లాక్కుంటూ.
పక్షి అడుగుల దగ్గర చక్రాలు టకటకమన్నాయి.
ఆమె ఆగింది.
ఊపిరి కోసమో,
చూడ్డానికో.