పడదు

పాలకొండ రోడ్డులో ఎరువుల కొట్టు.
పంతొమ్మిదేళ్లు బిల్లులు రాసిన చెయ్యి ఇది.
వంగర నుంచి, సంతకవిటి నుంచి
తెగులు పట్టిన ఆకుని తువ్వాలు కొసన ముడేసుకుని
రైతులొచ్చేవారు:
"దీనికేటి మందు బాబూ?"
సుడిదోమకొకటి, ఆకుముడతకొకటి,
మొక్కజొన్న మొవ్వులో దూరిన కత్తెర పురుగుకొకటి.
రాజాంలో కరెంటు పోయిన రాత్రుల్లో
మూత వాసన చూసి సీసా పేరు చెప్పేవాణ్ణి.
అదో విద్య అనుకునేవాణ్ణి.
ఓనరు నలుగురికీ చూపించి నవ్వేవాడు.

పైరుకి కొట్టేదీ మందే,
జ్వరానికి వేసుకునేదీ మందే,
మా కొట్టు బాకీ మరిచిపోడానికి
సాయంత్రం రైతు తాగేదీ మందే.
ఏ మందు ఎవరి వంట్లోకి పోయిందో
రాసుకునే పద్దు మాత్రం మా దగ్గర లేదు.

ఒక శ్రావణంలో అటక మీది డబ్బా కారింది.
గోనెపట్టాతో తుడిచాను,
ఆ చేతుల్తోనే క్యారేజీ విప్పాను.
అంతే. కథేమీ లేదు.
తల దిమ్మెక్కింది, రెండు రోజులు పడుకున్నాను, లేచాను.

లేచాక
దాలమ్మ వెలిగించిన అగరొత్తి
నా కణతల్లో మేకులా దిగింది.
ఆ తర్వాత పక్కింటి దోమల చక్రం.
ఆ తర్వాత బొబ్బిలి బస్సులో కొత్త రెక్సిను సీటు,
ముందు నిలబడ్డ కుర్రాడి చొక్కాలో సెంటు.
ఫినాయిలు తుడిచిన నేల మీద కాలు పెట్టలేను కాబట్టి
జబ్బు చూపించుకోడానికి ఆసుపత్రి కూడా పడదు.

విశాఖలో డాక్టరు కాగితాలు తిరగేసి
"అన్నీ బావున్నాయి" అన్నాడు.
కాగితాలు బావున్నాయి, నిజమే.
"మనసు కాస్త గట్టి చేసుకోండి."
మనసుకి ముక్కుంటుందా అని అడుగుదామనుకున్నాను,
ఆయన చేతులకి రాసుకున్న శానిటైజరుకి
అప్పటికే నాలుక మడతపడింది.

మేనల్లుడు గౌరినాయుడి పెళ్లికి వెళ్లి
గుమ్మంలోనే ఆగిపోయాను.
"ఏటి మావా, మా కూడు పడదేటి?"
కూడు కాదురా, గోడలు. రంగు ఇంకా ఆరలేదు.
విస్తరి రోడ్డు మీదికి తెచ్చిచ్చాడు,
కరెంటు స్తంభం కింద కూచుని తిన్నాను.
అప్పట్నుంచీ చుట్టాల్లో ఒకటే మాట,
వాళ్లకీ మాకూ పడదని.

పేపరు వేసే కుర్రాడు గేటు బయటే విసురుతాడు.
సిరా వాసన పోయేదాకా
దాన్ని దండెం మీద మూడు రోజులు ఆరేస్తాం.
నేను చదివే తుఫాను
అప్పటికే ఒడ్డు దాటి పోయి ఉంటుంది.

దాలమ్మ జుట్టుకి రంగు మానేసింది.
పౌడరు డబ్బా చెల్లెలికిచ్చేసింది.
కుంకుళ్లు నలగ్గొట్టి బట్టలు ఉతుకుతుంది.
నలభై రెండేళ్లకే తల ముగ్గుబుట్ట.
"ఏటొలే, ముసిల్దానివైపోనావు" అంటే
"తెలుపు నాకు బానే పడింది" అంటుంది.
ఆ మాటన్న రాత్రి
నాకేసి తిరక్కుండా పడుకుంది.

నిన్న తవిటయ్య వచ్చాడు, వంగర నుంచి,
తువ్వాలు కొసన అదే ముడి.
గేటు దగ్గరే ఆగమన్నాను.
అతను ముడి విప్పకముందే
చొక్కా లోంచి ఆ మందు తన పేరు తనే చెప్పింది.
"ఎప్పుడు కొట్టినావు?"
"పొద్దున్నే బాబూ."
"ఆ చొక్కాతోనేనా? ఇంటికెళ్లి నీళ్లోసుకో.
అప్పటిదాకా మనవరాల్ని ఎత్తుకోకు."
"ఏటవుద్ది బాబూ?"

ఏమీ అవదు, సబ్బెట్టి కడుక్కో.
పంతొమ్మిదేళ్లు నేను చెప్పిన జవాబు అదే,
బిల్లు చింపి చేతిలో పెడుతూ.

తవిటయ్య నవ్వాడు.
"మీకంటే పడదు గానీ,
నాకన్నీ పడతాయి బాబూ."

గాలి అతని వైపు నుంచే వీస్తోంది.
తలుపు వేసుకోవాలి నేను.
వేసుకోకుండా, ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని
మళ్లీ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టాను.